మహమ్మారి కాలంలో చిన్న వ్యాపారి ఆదాయం: తరచుగా అడిగే ప్రశ్నలు

చిన్న వ్యాపారుల లెక్కల పుస్తకాలు చూడటం నా పని. కోవిడ్‌ను మహమ్మారిగా ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తించింది 2020 మార్చి 11న. అత్యవసర పరిస్థితి తీరిందని చెప్పింది 2023 మే 5న. ఆ మూడేళ్ళలో నన్ను మళ్ళీ మళ్ళీ అడిగిన ప్రశ్నలు, ఇప్పటికీ అడుగుతున్న ప్రశ్నలు ఇక్కడ ఒకచోట పెట్టాను. పైకి ఏం అడిగినా చాలామంది మనసులో ఉన్నది ఒకటే మాట: "నేనేం తప్పు చేశాను?" వాళ్ళలో ఎక్కువ మంది ఏ తప్పూ చేయలేదు. డబ్బు ఏ దారిన కారిపోయిందో వాళ్ళకు చూపించిన వాళ్ళు లేరు. ఆ దారులు చూపించడానికే ఇది రాస్తున్నాను.

అమ్మకాలు మూడో వంతు కూడా తగ్గలేదు. ఇంటికి మాత్రం ఏమీ మిగల్లేదు. అదెలా?

అందరికన్నా ఎక్కువ మంది అడిగేది ఇదే. కాగితం మీద వేసుకుని చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది.

నెలకు 100 అమ్ముతున్నారనుకుందాం. అందులో సరుకుకు 60 పోతుంది. అద్దె, కరెంటు, జీతాలు, అప్పు కిస్తీ అన్నీ కలిపి 25. మీకు మిగిలేది 15. ఇప్పుడు అమ్మకం 30 శాతం తగ్గి 70కి వచ్చింది. సరుకు కూడా తక్కువే కొంటారు కాబట్టి ఆ ఖర్చు 42కి దిగుతుంది. చేతిలో 28 ఉంటుంది. అద్దె, కిస్తీ మాత్రం అమ్మకాన్ని చూసి తగ్గవు, ఆ 25 అలాగే కట్టాలి. చివరికి మిగిలింది 3. అంటే అమ్మకం 30 శాతం తగ్గితే మీ ఆదాయం 80 శాతం పడిపోయింది. ఇంకో 10 తగ్గి అమ్మకం 60కి చేరిందంటే జేబులోంచి 1 ఎదురు పెట్టాలి.

పంక్తిలో ఆఖరున కూర్చునేది యజమాని. సరుకిచ్చినవాడు, ఇంటి ఓనరు, పనివాళ్ళు, బ్యాంకు అందరూ తీసుకున్నాక గిన్నెలో ఏం ఉంటే అదే అతని ఆదాయం. అందుకే "అమ్మకాలు ఇంత శాతం తగ్గాయి" అని వార్తల్లో వినే అంకె యజమాని ఇంట్లో పడ్డ దెబ్బను చెప్పదు. మీ వ్యాపారంలో స్థిరమైన ఖర్చు, అంటే అమ్మినా అమ్మకపోయినా కట్టాల్సిన ఖర్చు ఎంతో ముందు తేల్చుకోండి. ఈ పేజీలో ఒక్క లెక్కే చేసే ఓపిక ఉంటే ఇదే చేయండి.

దెబ్బంతా లాక్‌డౌన్ వల్లేనా?

కాదు. నేను కూడా మొదట్లో లాక్‌డౌనే కారణం అనుకున్నాను.

షికాగో విశ్వవిద్యాలయ ఆర్థికవేత్తలు ఆస్టన్ గూల్స్‌బీ, చాడ్ సివర్సన్ 2020లో అమెరికాలో 22 లక్షలకు పైగా వ్యాపార స్థలాలకు జనం రాకపోకలను సెల్‌ఫోన్ల సమాచారంతో లెక్కగట్టారు. పక్కపక్కనే ఉండి, ఒకచోట ఇల్లు కదలొద్దన్న ఉత్తర్వు ఉండి మరోచోట లేని ప్రాంతాలను పోల్చి చూశారు. మొత్తం రాకపోకలు 60 శాతం పడిపోతే, ఆ 60లో ఉత్తర్వుల వల్ల తగ్గింది 7 మాత్రమే. మిగతాదంతా జనం తమంతట తాము ఆగిపోవడం వల్లే. ఆ చుట్టుపక్కల మరణాలు పెరిగేకొద్దీ జనం ఇళ్ళలోంచి కదలడం ఇంకా తగ్గింది. రద్దీ ఎక్కువుండే పెద్ద దుకాణాలు వదిలి పలచగా ఉండే చిన్న దుకాణాల వైపు మళ్ళినవాళ్ళు కూడా అదే లెక్కలో కనిపించారు.

ఇది అమెరికా లెక్క. ఉత్తర్వును కఠినంగా అమలుచేసి, గడప దాటనివ్వని చోట దాని వాటా ఇంకా పెద్దదే ఉంటుంది. అయినా వ్యాపారికి ఇందులో పనికొచ్చే సంగతి ఉంది. తలుపులు తీయమని ప్రభుత్వం చెప్పినంత మాత్రాన గిరాకీ రాదు. "ఫలానా తేదీన తెరుస్తారట" అని ఆ తేదీ మీద ఆశ పెట్టుకుని సరుకు నింపుకున్నవాళ్ళు నా ఎరుకలోనే ఉన్నారు. తెరిచారు, జనం రాలేదు. అప్పు తెచ్చి కొన్న సరుకు అరల్లోనే ఉండిపోయింది.

వందేళ్ళ కింద కూడా ఇంతే. 1918 ఇన్‌ఫ్లుయెంజా కాలంలో, అక్టోబరులో, అమెరికాలోని లిటిల్‌రాక్ పట్టణ వర్తకులు వ్యాపారం 40 శాతం పోయిందని కొందరు, 70 శాతం పోయిందని కొందరు అక్కడి పత్రికకు చెప్పుకున్నారు. బేరం పెరిగింది మందుల దుకాణాలకే.

ఒకే వీధిలో ఒకరు మునిగారు, పక్కవాళ్ళు బాగుపడ్డారు. తేడా ఎక్కడుంది?

కష్టపడటంలో తేడా అనుకుంటారు. నేను చూసినంతలో తేడా అక్కడ లేదు.

మీరు అమ్మేది ఎదురుగా కూర్చుని, మనిషిని తాకి చేసే పనా అన్నది మొదటి సంగతి. క్షౌరం, దంతవైద్యం, వ్యాయామశాల, టిఫిను సెంటరు లాంటివి ముందు దెబ్బతిన్నాయి. కొనేవాడు కొనడం మానేశాడా, వాయిదా వేశాడా అన్నది అంతకన్నా లోతైన సంగతి. చెడిపోయిన మిక్సీని జనం ఆర్నెల్ల తర్వాతైనా బాగుచేయించుకుంటారు. ఆ డబ్బు ఆలస్యంగానైనా వస్తుంది. రెండు నెలలు జుట్టు కత్తిరించుకోని మనిషి మూడో నెల వచ్చి మూడుసార్లు కత్తిరించుకోడు. ఖాళీగా పోయిన ఆ కుర్చీ గంటలు తిరిగిరావు. సేవలు అమ్మేవాళ్ళ ఆదాయం ఎక్కువ కాలం కోలుకోకపోవడానికి ఇదే అసలు కారణం. వాళ్ళు అమ్ముతున్నది సమయం, సమయాన్ని నిల్వ పెట్టుకోలేరు.

దుకాణం ఉన్న చోటు కూడా లెక్కే. ఆఫీసుల మధ్య ఉన్నవాళ్ళకు ఆఫీసులు మూతపడగానే గిరాకీ పోయింది. ఇళ్ళ మధ్య ఉన్నవాళ్ళకు, జనం ఇంటిపట్టునే ఉండటంతో, కొంత పెరిగింది కూడా. దీన్లో మరో విచిత్రం ఉంది. సంపన్నులుండే ప్రాంతాల్లో వ్యాపారం చేసే చిన్నవాళ్ళే ఎక్కువ నష్టపోయారని ఆర్థికవేత్త రాజ్ చెట్టి బృందం అమెరికాలో చూపించింది. డబ్బున్నవాళ్ళు బయట తిరిగి చేసే ఖర్చు బాగా తగ్గించుకోవడం వల్ల అలా జరిగింది. ఖర్చుపెట్టే స్తోమత ఉన్నవాళ్ళే ఆగిపోయారు కాబట్టి, చేతిలో డబ్బుండి కూడా వాళ్ళు రాలేదు.

చేతిలో ఎన్ని రోజులకు సరిపడా డబ్బు ఉండాలి?

మహమ్మారికి ముందే, 2016లో, జేపీ మోర్గాన్ చేజ్ ఇన్‌స్టిట్యూట్ అమెరికాలో దాదాపు 6 లక్షల చిన్న వ్యాపారాల ఖాతాలు పరిశీలించింది. ఒక్క పైసా కొత్తగా రాకపోయినా ఖర్చులు ఎన్ని రోజులు కట్టుకోగలరని చూస్తే నడిమి వ్యాపారానికి, అంటే అన్నిటినీ వరసగా పేరిస్తే సరిగ్గా మధ్యలో నిలిచేదానికి, తేలింది 27 రోజులు. రెస్టారెంట్లకు 16 రోజులే. 2020 మార్చి చివర, ఏప్రిల్ మొదటి రోజుల్లో మరో పరిశోధక బృందం 5,800కు పైగా చిన్న వ్యాపారాలను అడిగితే, 43 శాతం అప్పటికే తాత్కాలికంగా మూతపడి ఉన్నాయి. నెల ఖర్చు 10,000 డాలర్లు దాటిన వ్యాపారాల్లో నడిమిదానికి చేతిలో ఉన్నది సుమారు రెండు వారాలకే సరిపోతుంది. మహమ్మారి నడిచింది నెలలు, ఏళ్ళు.

మీ రోజులు మీరే లెక్కించుకోవచ్చు. గల్లాపెట్టెలోనూ బ్యాంకులోనూ ఉన్నది కూడండి. ఒక రోజు స్థిర ఖర్చు, ఇంట్లో ఆ రోజు తప్పని ఖర్చు రెండూ కలిపి, ఆ మొత్తంతో దాన్ని భాగించండి. వచ్చినవి మీ రోజులు. రావాల్సిన బాకీలను ఇందులో కలపకండి. మహమ్మారిలో అవి రావు. సరుకు విలువనూ కలపకండి.

అరవై రోజులుంటే మంచిదే. కానీ మార్జిను సన్నగా ఉండే వ్యాపారాల్లో దానికి ఏళ్ళు పడుతుంది, అది నాకు తెలుసు. అంతవరకు పది రోజులకు ఇంకో మూడు కలిసినా, ఆ మూడు రోజులూ లాభమే.

బాకీలు వసూలు కాకపోవడం ఇంత పెద్ద సంగతా?

పెద్దదే. ఆర్థిక నివేదికల్లో దీని గురించి తక్కువ కనపడుతుంది, లెక్కల పుస్తకాల్లో అయితే మొదట కంటికి తగిలేది ఇదే.

నేను లెక్కలు చూసే ఒకాయనది చిన్న ప్రింటింగ్ ప్రెస్. బిల్లు పుస్తకాలు, కరపత్రాలు, సంచుల మీద పేర్లు వేస్తారు. 2020 వేసవిలో ఆయన పుస్తకం తెచ్చి నా ముందు పెట్టారు. ఎడమవైపు పేజీలో తనకు రావాల్సినవి, కుడివైపు తాను ఇవ్వాల్సినవి. రావాల్సింది ఇవ్వాల్సినదానికన్నా ఎక్కువే. "కాగితం మీద చూస్తే నేను బాగానే ఉన్నానండీ" అన్నారు. ఎడమ పేజీలో ప్రతి పేరు పక్కన పెన్సిలుతో ఒక తేదీ ఉంది. దాన్ని కొట్టేసి ఇంకో తేదీ. దాన్నీ కొట్టేసి మరొకటి. ఒక పేరు పక్కన అయిదు తేదీలు. ఆ తర్వాత తేదీ రాయడం మానేసి చిన్న గీత పెట్టారు. కుడి పేజీలో తేదీలన్నీ ఇంకుతో ఉన్నాయి. ఒక్కటీ మారలేదు.

ఆ పేజీ నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. ఆయన బాకీదారుల్లో మోసగాళ్ళెవరూ లేరు. వాళ్ళకు రావాల్సినవాళ్ళు వాళ్ళకు ఇవ్వలేదు. ఒకచోట ఆగిన చెల్లింపు అంచెలంచెలుగా కిందికి దిగి, ఎవరి దగ్గరా అడిగే బలం లేని మనిషి దగ్గర ఆగుతుంది. పెద్ద కంపెనీ తన చెల్లింపు గడువును నెల నుంచి మూడు నెలలకు పొడిగించుకోగలదు. ఆ కంపెనీకి సరుకిచ్చే చిన్నవాడు తన ముడిసరుకు వ్యాపారికి ఆ మాట చెప్పలేడు.

ఏం చేయొచ్చంటే, అనుమానం మొదలైన వారంలోనే అడగండి. మొత్తం అడిగితే "చూద్దాం" అంటారు. నాలుగో వంతు ఇప్పుడివ్వండి అంటే ఇచ్చేవాళ్ళు ఉంటారు. కొత్త ఆర్డరుకు సగం అడ్వాన్సు అడగడం మొహమాటంగా ఉంటుంది. ప్రెస్ ఆయన ఆ మొహమాటం వదిలించుకున్నాక ఇద్దరు ఖాతాదారులు పోయారు. మిగిలినవాళ్ళ డబ్బు వచ్చింది.

సరుకు ధరలు పెరిగితే మేమూ ధర పెంచొచ్చు కదా?

పెంచొచ్చు, మీ దగ్గర తప్ప మరోచోట దొరకనిదైతే. పక్కనే పెద్ద దుకాణం పాత ధరకు కొన్న నిల్వ పెట్టుకుని ఉంటే పెంచలేరు. 2020 చివరి నుంచి ఓడల కంటైనర్లకు కరువొచ్చి రవాణా ఛార్జీలు కొన్ని మార్గాల్లో ఎన్నో రెట్లయ్యాయి. కంప్యూటర్ చిప్‌లు దొరక్క కార్ల నుంచి గృహోపకరణాల దాకా ఆగిపోయాయి. పెద్దవాళ్ళు ముందే బుక్ చేసుకుని ఉన్న సరుకు ఎత్తుకుపోయారు. చిన్నవాళ్ళకు చేరేసరికి సరుకు తక్కువ, ధర ఎక్కువ. పైగా అంతకుముందు అరువుకిచ్చిన టోకు వ్యాపారులు చేతిలో డబ్బు పెడితేనే సరుకన్నారు. అరువు ఆగిపోవడం ధర పెరగడం కన్నా గట్టి దెబ్బ. నెలరోజుల అరువు పోయిందంటే, నెల సరుకుకు సరిపడా పెట్టుబడి కొత్తగా తెచ్చుకోవాలి.

పనివాళ్ళను తీసేస్తే నా ఆదాయం నిలబడేదా?

కొన్నాళ్ళు. ఆ తర్వాత పని తెలిసిన మనిషి దొరక్క, కొత్తవాళ్ళకు నేర్పడంలో అంతకన్నా ఎక్కువ పోతుంది. అందుకే చాలా దేశాల్లో వ్యాపారులు మనుషులను తీసేయడం కన్నా పనిగంటలు తగ్గించడం, సెలవు మీద పంపడం వైపే మొగ్గారు. జర్మనీలో దీనికి ముందునుంచే ఒక పద్ధతి ఉంది, దాన్ని కుర్ట్‌స్‌ఆర్బైట్ అంటారు. గంటలు తగ్గినందుకు పోయిన జీతంలో పెద్ద వాటా ప్రభుత్వ నిధి ఇస్తుంది. 2020 ఏప్రిల్‌లో దాదాపు 60 లక్షల మంది దాని కింద ఉన్నారు. బ్రిటన్‌లో ఫర్లో పథకం, పని లేక సెలవు మీద పంపినవాళ్ళకు, జీతంలో 80 శాతం, నెలకు 2,500 పౌండ్ల పరిమితితో, ఇచ్చింది.

ఇవి పనివాళ్ళ జీతానికి. యజమాని తన కోసం జీతం రాసుకోకపోతే, ఇలాంటి పథకంలో అతని పేరే ఉండదు. చాలామంది చిన్న వ్యాపారులు జీవితమంతా తమకు జీతం రాసుకోరు. గల్లాలోంచి తీసుకుంటారు, ఇంటికి వాడుకుంటారు. మంచి రోజుల్లో అది నష్టం అనిపించదు.

ఆన్‌లైన్‌లోకి వెళ్ళినవాళ్ళందరూ గట్టెక్కారా?

అమ్మకం గట్టెక్కింది. ఆదాయం సంగతి వేరు.

మొదటి ప్రశ్నలో వేసిన లెక్కనే చూడండి. 100 అమ్మకంలో సరుకుకు 60 పోగా 40 ఉంటుంది. డెలివరీ యాప్ 25 తీసుకుంటే మిగిలేది 15. ఆ 15లోంచే అద్దె, కరెంటు, జీతాలు కట్టాలి. స్థిర ఖర్చు 25 ఉన్నచోట ఆ 15 చాలదు. అంతా యాప్ మీదే అమ్మితే అమ్మకం 100 దగ్గరే ఉన్నా నెలాఖరుకు 10 నష్టం. 2020 ఏప్రిల్‌లో శాన్‌ఫ్రాన్సిస్కో నగరం డెలివరీ యాప్‌ల కమిషన్‌ను 15 శాతానికి కట్టడి చేసింది. ఆ తర్వాత మరికొన్ని నగరాలూ అదే దారి పట్టాయి. కమిషన్ ఎంత బరువో దీన్నిబట్టి తెలుస్తుంది.

యాప్ పనికిరాదని నా ఉద్దేశం కాదు. దుకాణం ఎలాగూ తెరిచే ఉంది, అద్దె ఎలాగూ కడుతున్నారు, పైన వచ్చే పది ఆర్డర్లకు 15 మిగిలినా మిగులే. కానీ ఉన్న పాత ఖాతాదారులే యాప్ వైపు మళ్ళితే మీ 40 కాస్తా 15 అయిపోతుంది. కొత్తవాళ్ళెందరు, పాతవాళ్ళెందరు అని లెక్క రాసుకున్నవాళ్ళు నాకు చాలా తక్కువ మంది తారసపడ్డారు. ఫోన్లో ఆర్డరు తీసుకుని తామే ఇంటికి చేర్చినవాళ్ళ ఖాతాలు, పని ఎక్కువైనా, బాగున్నాయి.

ప్రభుత్వం ఇంత డబ్బు ప్రకటించింది. మా దాకా ఎందుకు రాలేదు?

ఇది అడిగేటప్పుడు చాలామంది గొంతులో కోపం ఉంటుంది. ఉండటంలో న్యాయముంది.

అమెరికాలో పేచెక్ ప్రొటెక్షన్ ప్రోగ్రామ్, అంటే జీతాలు కట్టుకోవడానికి చిన్న వ్యాపారాలకు అప్పు ఇచ్చే పథకం, 2020 ఏప్రిల్ 3న మొదలైంది. మొదటి విడత 34,900 కోట్ల డాలర్లు 13 రోజుల్లో అయిపోయాయి. దరఖాస్తులు బ్యాంకుల ద్వారా వెళ్ళాలి. బ్యాంకుతో అప్పటికే అప్పు సంబంధం ఉండి, ఖాతాలు సిద్ధంగా ఉండి, కాగితాలు నింపే మనిషి ఉన్న వ్యాపారం ముందు వరసలో నిలబడింది. దుకాణం తానే తెరిచి తానే ఊడ్చుకునే మనిషి ఫారం అర్థం చేసుకునేలోపు నిధి ఖాళీ. తర్వాత విడతల్లో దీన్ని కొంత సరిదిద్దారు.

బ్రిటన్‌లో స్వయం ఉపాధి వాళ్ళకు వేరే పథకం పెట్టారు. అంతకుముందు ఏళ్ళ సగటు లాభంలో 80 శాతం చొప్పున మూడు నెలలకు మొదటి విడత. లెక్క అంతకుముందు దాఖలు చేసిన పన్ను పత్రాల మీద కాబట్టి కొత్తగా వ్యాపారం పెట్టినవాళ్ళకు రాలేదు. ఏటా 50,000 పౌండ్లు దాటిన లాభం ఉన్నవాళ్ళకూ రాలేదు. పన్ను తప్పించుకోవడానికి లాభం తక్కువ చూపినవాళ్ళకు ఆ తక్కువ మీదే 80 శాతం వచ్చింది.

ఎక్కడైనా సాయం కాగితం ఉన్నవాళ్ళను వెతుక్కుంటూ వెళ్తుంది. నమోదు లేని, లెక్క లేని వ్యాపారం ఎంత కష్టంలో ఉన్నా ప్రభుత్వానికి కనపడదు. తప్పు వ్యాపారిదే అనడం అన్యాయం. సాయం రూపొందించేవాళ్ళు చిన్నవాడి చేతిలో ఏం కాగితం ఉంటుందో చూసి దాన్నే అడగాలి. అయితే తర్వాతి కష్టం వచ్చేలోపు అది మారుతుందని నేను భరోసా ఇవ్వలేను. కాబట్టి మీ కాగితాలు మీరు సిద్ధం చేసుకోండి.

కిస్తీ వాయిదా ఇచ్చారు కదా, అది సాయం కాదా?

ఊపిరి తీసుకోవడానికి సాయమే. ఆదాయం మాత్రం కాదు. కట్టని నెలల వడ్డీ అసలుకు చేరిందంటే ఆ తర్వాత వడ్డీ మీద వడ్డీ కట్టాలి. వాయిదా తీసుకునే ముందు బ్యాంకును రెండు సంగతులు రాతపూర్వకంగా అడగండి: వాయిదా కాలానికి వడ్డీ నడుస్తుందా, నడిస్తే కిస్తీ పెరుగుతుందా లేక కిస్తీల సంఖ్య పెరుగుతుందా? చేతిలో డబ్బుండి కూడా "అందరూ తీసుకుంటున్నారు" అని వాయిదా తీసుకున్నవాళ్ళు తర్వాత చాలా బాధపడ్డారు. కొత్త అప్పు సంగతీ ఇంతే. మళ్ళీ అమ్మకాలు పుంజుకుంటే తీర్చగలిగే అప్పు వంతెన లాంటిది. అవతలి ఒడ్డు ఎక్కడుందో తెలియనప్పుడు వంతెన ఎంత పొడుగు కట్టాలో కూడా తెలియదు.

బీమా ఉంది. డబ్బు ఎందుకు ఇవ్వలేదు?

వ్యాపారం ఆగిపోతే ఇచ్చే బీమా చాలావరకు నిప్పు, వరద లాంటి వాటి కోసం రాసింది. భవనానికో యంత్రానికో నష్టం జరిగి, దానివల్ల వ్యాపారం ఆగాలి. వైరస్ గోడలను పడగొట్టదు. పైగా 2003లో సార్స్ అనే వైరస్ వ్యాధి వచ్చి వెళ్ళాక అమెరికాలో చాలా పాలసీల్లో వైరస్‌ను మినహాయించే వాక్యం చేర్చారు, 2006 నుంచి అది మామూలైపోయింది. ఆ వాక్యం ఉందని కోవిడ్ వచ్చేదాకా చాలామందికి తెలియదు.

అన్నిచోట్లా అలా ముగియలేదు. బ్రిటన్‌లో ఆర్థిక నియంత్రణ సంస్థే వ్యాపారుల తరఫున కోర్టుకెళ్ళింది. వ్యాధి సోకడం, అధికారులు స్థలాన్ని మూయించడం వంటి మాటలున్న పాలసీల విషయంలో 2021 జనవరి 15న అక్కడి సుప్రీంకోర్టు చాలావరకు వ్యాపారుల పక్షాన తీర్పిచ్చింది. కాబట్టి మీ పాలసీ తీసి "మినహాయింపులు" అన్న భాగం చదవండి. అర్థం కాకపోతే ఏజెంటును కూర్చోబెట్టి చదివించుకోండి.

ఆడవాళ్ళు నడిపే వ్యాపారాలు ఎక్కువ దెబ్బతిన్నాయన్నది నిజమేనా?

అవును. రాబర్ట్ ఫెయిర్లీ అనే ఆర్థికవేత్త అమెరికా ప్రభుత్వ సర్వే లెక్కలతో చూపించాడు. 2020 ఫిబ్రవరి, ఏప్రిల్ నెలల మధ్య పనిచేస్తున్న వ్యాపార యజమానుల సంఖ్య 1.5 కోట్ల నుంచి 1.17 కోట్లకు, అంటే 22 శాతం పడిపోయింది. మహిళల్లో తగ్గుదల 25 శాతం. వలస వచ్చినవాళ్ళలో 36, నల్లజాతి యజమానుల్లో 41. తర్వాతి నెలల్లో చాలామంది తిరిగొచ్చారు. కానీ మూసిన ఆ రెండు నెలల దెబ్బ ఎవరి మీద ఎంత పడిందో ఈ అంకెలు చెబుతాయి.

కారణం ఎక్కువగా వ్యాపార రకంలో ఉంది. తాకి చేసే పనుల్లో, చిన్న పెట్టుబడుల్లో వీళ్ళు ఎక్కువ. మహిళలకు ఇంకోటి తోడైంది. బడులు మూతపడి 150 కోట్లకు పైగా పిల్లలు ఇళ్ళలో ఉన్నారని యునెస్కో లెక్క. ఆ పిల్లల్ని ఎవరు చూసుకున్నారు? కుట్టు మిషను ముందు కూర్చోవాల్సిన గంటలు పిల్లాడి ఆన్‌లైన్ క్లాసు పక్కన పోయాయి. ఆర్డర్లున్నా చేయలేకపోయిన ఆ గంటలు ఏ నష్టపు పద్దులోనూ రాసి ఉండవు. ఒకావిడ నాకు ఫోను చేసి, "బేరం లేక కాదండీ, నాకు టైం లేక పోయింది" అన్నారు. వ్యాపారం మందగించిందని రాసుకున్న చోట చాలా ఇళ్ళలో జరిగింది ఇదే.

యజమానికే జబ్బు చేస్తే?

ఒక్క మనిషి మీద నడిచే వ్యాపారంలో ఆ రోజు నుంచి ఆదాయం సున్నా. దానికితోడు ఆసుపత్రి ఖర్చు. తాళంచెవి, సరుకిచ్చేవాళ్ళ ఫోన్ నంబర్లు, బాకీల జాబితా ఇంట్లో ఇంకొక్క మనిషికైనా తెలిసుండాలి. ఫోను తాళం తెలియక బాకీల జాబితా మొత్తం పోగొట్టుకున్న కుటుంబం ఒకటి నాకు తెలుసు.

నష్టం వస్తూంటే తెరిచి ఉంచాలా, మూసేయాలా?

నష్టం వస్తున్నంత మాత్రాన మూయక్కర్లేదు. అమ్మకంలోంచి సరుకు ఖర్చు, ఆ రోజు తెరిచినందుకే అయ్యే కరెంటు, కూలి తీసేయండి. ఏమైనా మిగిలితే అది అద్దెలో కొంత భాగం కడుతుంది, తెరవడమే నయం. అవి కూడా రాకపోతే తెరిచిన ప్రతిరోజూ నష్టం పెరుగుతుంది, కొన్నాళ్ళు మూయడమే మంచిది. వారంలో ఏ రోజులు, ఏ గంటల్లో తెరిస్తే గిట్టుబాటవుతుందో చూసి అప్పుడే తెరిచినవాళ్ళు నాకు తెలిసి బాగా నెట్టుకొచ్చారు.

పూర్తిగా మూసేయడం వేరే నిర్ణయం. అది చేయాల్సి వచ్చినవాళ్ళకు నేను చెప్పే మాట ఒకటే: ఇల్లు తాకట్టు పెట్టకముందే చేయండి, పెట్టాక కాదు.

అన్నీ తెరుచుకుని ఏళ్ళు గడిచాయి. నా ఆదాయం ఎందుకు పాత స్థాయికి రాలేదు?

అప్పట్లో బతకడానికి చేసిన అప్పులు ఇప్పుడు కిస్తీలయ్యాయి. అంటే స్థిర ఖర్చు 25 నుంచి 30 అయింది. అమ్మకం మళ్ళీ 100కు చేరినా మిగిలేది 15 కాదు, 10. 2021, 2022లో ధరలు పెరగడంతో ఆ 10తో కొనగలిగేదీ తగ్గింది. జనం అలవాట్లు కొన్ని తిరిగిరాలేదు. వారానికి అయిదు రోజులు ఆఫీసుకెళ్ళేవాళ్ళు మూడు రోజులే వెళ్తుంటే, ఆ దారిలో ఉన్న దుకాణానికి మిగతా రెండు రోజుల బేరం శాశ్వతంగా పోయినట్టే. దుకాణం పని గంటలు మార్చుకోవడమో, చోటు మార్చుకోవడమో చేయకుండా పాత రోజులు వస్తాయని కూర్చుంటే ఎదురు పెట్టుబడి పెడుతూనే ఉండాలి.

ఇల్లు, వ్యాపారం లెక్కలు కలిసిపోయాయి. విడదీయడం ఎక్కడ మొదలుపెట్టాలి?

రెండో బ్యాంకు ఖాతా తెరవండి. నెలకొక తేదీ పెట్టుకుని, మీకు జీతంగా ఎంత కావాలో నిర్ణయించి, వ్యాపారం ఖాతా నుంచి ఆ ఖాతాకు పంపండి. తక్కువైనా ఫర్వాలేదు, తేదీ తప్పకూడదు. ఇంటి ఖర్చు ఆ ఖాతాలోంచే. మొదటి రెండు నెలలు మధ్యలో గల్లాలో చేయి పెడతారు, పెట్టినప్పుడల్లా ఎంత తీశారో ఒక చీటీ రాసి గల్లాలోనే వేయండి. నెలాఖరున ఆ చీటీలు కూడితే మీ అసలు జీతం ఎంతో తెలుస్తుంది. ప్రెస్ ఆయన మొదటి నెల అలా కూడినప్పుడు 31 చీటీలు ఉన్నాయి. ఇప్పుడు ఆయన పుస్తకంలో కుడివైపు పేజీలో, పనివాళ్ళ జీతాల కింద, ఆయన పేరు కూడా ఉంటుంది. ఇంకుతో రాసి ఉంటుంది.